బందుల పోయిండు

చదివేవాళ్ళకు ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు దిద్దుకునేసరికి నా పిల్లలకు పెళ్ళిళ్ళు కూడా అయిపోయాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ చెయ్యి తడబడుతుంది. ఒక పేజీ పూర్తయ్యేసరికి పొయ్యి మీది పప్పు ఉడికి, దిగి, చల్లారిపోతుంది కూడా. తప్పులుంటే మన్నించండి. నెమ్మదిగా రాసిన కథ, మీరూ నెమ్మదిగానే చదవండి.

సకల జనుల సమ్మె, మా ఊళ్ళ మాటలో బందు, జోరుగా నడుస్తున్న రోజులవి. బస్సులు డిపో గేటు దాటడం లేదు. బడులకు తాళాలు, ఆఫీసులకు తాళాలు. జనగామలో నీరజ చదివే ఆడపిల్లల డిగ్రీ కాలేజీకి కూడా తాళం పడింది.

నీరజ మూడో ఏడులో ఉంది. తోటి పిల్లలు కామర్సో కంప్యూటర్సో తీసుకుంటే ఆమె మాత్రం విద్య, శిశు వికాసం అనే కోర్సు తీసుకుంది. టేకుమట్లలో ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ చదువు మీద పరాచికాలు తప్పేవి కావు.

“ఏం సదువే అది?” అని అడిగేది పక్కింటి కొమురవ్వ.

“పిల్లలు ఎట్ల పెరుగుతరు, ఎట్ల మాట్లాడుతరు, మనసుల ఏమనుకుంటరు, గది.”

“గదానికి కాలేజా? నేను ఏడుగురిని కన్న. ఆ డిగ్రీ ఏందో నాకే ఇయ్యమను.”

అన్న నగేశ్ పడీపడీ నవ్వేవాడు. నవ్వినా, ఆమె జనగామ వెళ్ళే రోజు తన ట్రాలీ ఆటోలో చిట్యాల దాకా దింపి, బస్సులో సీటు దొరికే దాకా కింద నిలబడేవాడు. “మా సమ్మిని ఎవలన్న ఒక్క మాటంటే మా చెల్లె పుస్తకం తెరుస్తది, జర పైలం” అని ఇంట్లో ఆడవాళ్ళను బెదిరించేవాడు. సమ్మి అతని ఒక్కగానొక్క బిడ్డ. మేడారం జాతర నెలలో పుట్టిందని సమ్మక్క అని పేరు పెట్టుకున్నారు. ఇంకా నాలుగేళ్ళు నిండలేదు.

సమ్మె రెండో వారంలో నగేశ్ చనిపోయాడు. తెల్లవారుజామున భూపాలపల్లి నుంచి మోటారు సైకిలు మీద ఇంటికి వస్తున్నాడు. రాస్తారోకో కోసం ఎవరో తుమ్మ చెట్టు నరికి రోడ్డుకు అడ్డం పడేశారు. మసక వెలుతురులో అది అతనికి కనబడలేదు. ఎవరు నరికారో చుట్టుపక్కల ఊళ్ళలో తెలియనివాళ్ళు లేరు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

బస్సుల్లేక జనగామలోనే ఉండిపోయిన నీరజ కబురు అందాక కాజీపేట దాకా రైల్లో వచ్చింది. అక్కణ్ణుంచి ఎవరిదో బండి, ఆ తర్వాత ట్రాక్టరు, చివరికి నడక. ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. వాకిలి కడిగి ఉంది. తల్లి ముత్తమ్మ ఆమెను పట్టుకొని గుండెలు బాదుకుంది. తండ్రి భద్రయ్య మూలన కూర్చుని నేల వైపు చూస్తున్నాడు. వదినె సరోజన గోడకు ఆనుకుని ఉంది. నీరజ తల్లి వీపు నిమిరింది, నీళ్ళు తెచ్చి తాగించింది, చుట్టాలకు చాపలు వేసింది. ఆమెకు ఏడుపు రాలేదు. ఎప్పుడొస్తుందా అని చూసింది, ఇక చూడటం మానేసింది. ఒంటి మీద ఎవరో తడిబట్ట కప్పినట్టు, అందరి మాటలూ దాని అవతలి నుంచి వినబడుతున్నట్టు ఉండేది.

పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ ఒకే మాట అనేవాళ్ళు. “అయ్యో, నగేశు పోయిండానే! బందుల పోయిండటనే!”

ఆ ఇంట్లో అందరికీ బెంగ ఒక్కటే. ఆ పసిది ఎలా తట్టుకుంటుంది? శవాన్ని తెచ్చే ముందే కొమురవ్వ సమ్మిని తన ఇంటికి ఎత్తుకుపోయింది. రెండు రోజుల తర్వాత ముత్తమ్మే ఒళ్ళో కూర్చోబెట్టుకొని చెప్పింది, మీ నాయిన పోయిండు బిడ్డా అని. సమ్మి కాసేపు నానమ్మ ముఖంలోకి చూసి, ఒళ్ళోంచి జారి, బెల్లం అడిగిందట. ఏడవలేదు. ఆ తర్వాత కూడా ఏడవలేదు. వేళకు తింటోంది, వేళకు పడుకుంటోంది.

“దేవతసొంటి పిల్ల,” అనేది ముత్తమ్మ వచ్చినవాళ్ళతో. “పెద్దోళ్ళం మనకు లేని గుండె దానికిచ్చిండు దేవుడు.”

దినాలు అయిపోయాక ఇల్లు ఖాళీ అయింది. నీరజకు చేతిలో పని లేకుండా పోయింది. అప్పుడు ప్రాక్టికల్ గుర్తొచ్చింది. కాలేజీ మూతపడే ముందు రోజు మున్నవర్ బేగం మేడం క్లాసులో చెప్పింది, ఎవరి ఊళ్ళో వాళ్ళు మూడు నుంచి ఐదేళ్ళ లోపు పిల్లనో పిల్లవాడినో ఒకరిని ఎంచుకొని, రోజూ కాసేపు గమనించి రాయమని. మేడానిది మానుకోట. పాఠం చెప్పేటప్పుడు పుస్తకం తెలుగు, కోపం వస్తే ఊరి తెలుగు, మరీ కోపం వస్తే ఉర్దూ. “కంటితోని చూసింది రాయుండ్రి, చెవితోని విన్నది రాయుండ్రి. మీరు అనుకున్నది నాకొద్దు. అనుకునుడు అందరికొస్తది, దానికి డిగ్రీ ఎందుకు?” అనేది.

నీరజ సమ్మినే ఎంచుకుంది. ఎంచుకుంది అనడం కూడా ఎక్కువే. ఎదురుగా ఉన్నది ఆ పిల్ల ఒక్కతే. అదీగాక మనసులో ఒక మూల అనుమానం ఉంది. ఇంత చిన్నపిల్ల ఇంత బాగా ఎలా ఉంది? నిజంగా బాగుంటే అంతే చాలు. బాగాలేకపోతే ముందు తెలియవలసింది తనకే కదా, ఆ చదువు చదివేది తనే కదా.

ఆ రోజుల్లో సమ్మె మాట రాని ఇల్లు లేదు. పాలు పోసేవాడు వచ్చినా, భద్రయ్య స్నేహితులు వచ్చినా సమ్మి గడపలో నిలబడి ఒకటే అడిగేది. “తాతా, బందు అయిపోయిందా?”

“ఇంకెక్కడి అయిపోవుడు బిడ్డా! తెలంగాణ వచ్చేదాక గింతే.”

“ఎప్పుడొస్తది?”

“ఢిల్లీ వాళ్ళనడగాలె,” అని వాళ్ళు నవ్వేవాళ్ళు. “చూసినవా భద్రన్నా, గింతంత పిల్లకు గూడ ఉద్యమం పట్టింది.”

భద్రయ్య కూడా కాస్త నవ్వినట్టు ముఖం పెట్టేవాడు. కొడుకు పోయాక అతని ముఖంలో ఏ కదలిక వచ్చినా అది ఆ మాటకే.

వీధిలో పిల్లలంతా బందు ఆట ఆడేవాళ్ళు. బడులు లేవు, చేసేదేముంది? అడ్డంగా రాళ్ళు పేర్చి, సైకిలు మీద వచ్చినవాణ్ణల్లా ఆపి, “జై తెలంగాణ అను, అప్పుడే ఇడుస్తం” అనేవాళ్ళు. పెద్దవాళ్ళు కూడా దిగి, నవ్వుతూ జై కొట్టి వెళ్ళేవాళ్ళు. సమ్మి మాత్రం ఆ ఆటలో కలిసేది కాదు. పిల్లలు ఇటు తిరిగితే అటు నుంచి వెళ్ళి ఒక్కొక్క రాయి తీసి మోరీ కాలువలో పడేసేది. తన తలకాయంత రాళ్ళు, రెండు చేతులతో పొట్టకు ఆనించుకొని మోసేది.

“ఓ నీరజక్కా, మీ సమ్మిని తోల్కపో! ఇది ఆంధ్రోళ్ళ దిక్కు!” అని పిల్లలు ఫిర్యాదు చేసేవాళ్ళు.

“నువ్వే ఆంధ్రోడివిరా!” అని సమ్మి ఎగిరేది. ఎగిరి, మళ్ళీ రాళ్ళ దగ్గరికే పోయేది.

నీరజ అరుగు మీద కూర్చుని చూసింది. చూసింది రాసింది. దాని పక్కన, తండ్రిని ఆ రోడ్డు మీది అడ్డం తీసుకుపోయింది కనుక రాళ్ళంటే కోపం కావచ్చు అని తన మాట కూడా చేర్చింది. అది చక్కగా కుదిరినట్టు అనిపించింది. నిజానికి ఆమెకు ఏమీ అనిపించలేదు. కుదిరింది, అంతే.

ఊరి మధ్య దీక్షా శిబిరం వేశారు. రోజుకు కొందరు పొద్దున మెడలో పూలదండలు వేసుకొని నిరాహార దీక్షకు కూర్చుంటారు, సాయంత్రం నిమ్మరసం తాగి లేస్తారు. నగేశ్ బందులోనే పోయాడు కనుక మనవాడే అని అతని ఫోటో ఒకటి పెద్దది చేయించి, దండ వేసి ఆ టెంటులో పెట్టారు. భద్రయ్య రోజూ వెళ్ళి ఆ ఫోటో పక్కన కూర్చునేవాడు. ఒకరోజు సమ్మి వెంటపడితే భుజం మీద వేసుకుపోయాడు. వచ్చాక ఆ పిల్ల హుషారుగా ఉంది. “నాయినకు గూడ దండ ఏసిన్రు,” అని తల్లికి చెప్పింది. సరోజన లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

దసరా వెళ్ళింది. ఆ ఇంట్లో బతుకమ్మ పేర్చలేదు. ఆ తర్వాత ఒక పొద్దున మున్నవర్ బేగం మేడం ఫోను చేసింది. ఇంటి సంగతి ఎవరో చెప్పారట. కాసేపు ఓదార్చింది. నీరజ “అవును మేడం, అవును మేడం” అంటూ విన్నది. ఓదార్పు అయిపోయాక మేడం అడిగింది.

“ఎవల్ని చూస్తున్నవ్ ప్రాక్టికల్‌కు?”

“మా అన్న బిడ్డను మేడం.”

“సరే. రాసింది జర సదువు, ఇంట.”

నీరజ చదివింది. తిండి, నిద్ర, మాటలు, ఆట. చివర్న, ‘పాపకు తండ్రి మరణం గురించి తెలుసు. మామూలుగానే ఉంది’ అని చదివింది.

“ఆగు. తెలుసని ఎట్ల తెలుసు నీకు? చూసినవా, అనుకున్నవా?”

“చెప్పిన్రు మేడం. మా అవ్వ, దాని నానమ్మ, చెప్పింది.”

“ఏమని చెప్పింది? అదే మాట చెప్పు నాకు, అట్లనే.”

“మీ నాయిన పోయిండు అని.”

“పోయిండు అని,” అన్నది మేడం. “బేటా, మా ఇండ్లల్ల గుజర్ గయే అంటరు. గుజర్నా అంటే దాటిపోవుడు గూడ. మా అబ్బా, అంటే మా నాయిన, పోయినప్పుడు మా తమ్ముడు నీ అన్న బిడ్డంత ఉంటడు. అబ్బా గుజర్ గయే అని ఎవలో అంటె, వాడు గల్లీ చివరిదాక ఉరికిండు, ఎటు దాటిపోయిండో చూద్దామని. మేము నవ్వినం గూడ. అడుగు పిల్లను. నువ్వు ఏం జెప్పకు. ఉత్తగ అడుగు.”

ఫోను పెట్టేశాక నీరజ చాలాసేపు అక్కడే కూర్చుంది. లోపల ఏదో కదలాలి అనుకుంది. కదల్లేదు. లేచి, వాకిట్లో ఉన్న సమ్మి దగ్గరికి వెళ్ళి గొంతు కూర్చుంది. సమ్మి మట్టిలో పుల్లతో గీతలు గీస్తోంది.

“సమ్మీ, నాయిన ఏడ ఉన్నడే?”

ఇంత పెద్ద మనిషికి ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది సమ్మి. “బందుల.”

“బందుల ఏం చేస్తుండు?”

“కూసున్నడు. దండ ఏసుకున్నడు. ఫోటో దిగిండు.”

“మరి ఇంటికి ఎప్పుడొస్తడు?”

“బందు అయిపోయినంక,” అన్నది సమ్మి. “ఆ రాజుగాడు మల్ల మల్ల రాళ్ళు పెడుతుండత్తా. నేను తీస్తున్న, వాడు పెడుతుండు. రాళ్ళుంటె బందు ఎట్ల అయిపోతది? నాయిన ఎట్లొస్తడు?”

నీరజ సమ్మి చేతులు చూసింది. వేళ్ళ కొసలు గీరుకుపోయి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆ రాళ్ళు మోసిన చేతులను తాను చూసింది, చూసి పక్కన ఏదో రాసుకుంది. పిల్ల తండ్రి కోసం దారి చేస్తోంది. ఆ సంగతి ఇప్పుడు తెలిసినా గుండె బరువెక్కలేదు, కళ్ళు తడవలేదు. ఒక లెక్క తప్పిందని తెలిసినట్టు ఉంది, అంతే. ఆ ‘అంతే’కు ఆమెకు భయం వేసింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇంట్లోవాళ్ళతో చెప్పింది. భద్రయ్య టెంటుకు పోలేదు ఆ రోజు. సరోజన ఎంగిలి కంచాలు ఎత్తుతోంది.

“సమ్మికి తెల్వది అవ్వా. అన్న బందుకు పోయిండనుకుంటంది. బందు అయిపోతె వస్తడనుకుంటంది.”

“నేను చెప్పిన గదనే!” అన్నది ముత్తమ్మ. “పోయిండు అన్న. ఇంకేం జెప్పాలె?”

“పోయిండంటె దానికి ఊరికి పోయినట్టే. తాత అంగడికి పోయిండు అంటవు, అత్త జనగామకు పోయింది అంటవు. పోయినోళ్ళంత తిరిగొస్తున్నరు. అన్న రాడా మరి?”

కంచాల చప్పుడు ఆగింది.

“పసిది, ఏమెరుక దానికి? రేపు మాపు అదే మర్సిపోతది,” అన్నది ముత్తమ్మ చివరికి.

“మర్సిపోదు. ఇయ్యాల రేపు బస్సులు నడుస్తయంటున్నరు. బందు అయిపోతది. అప్పుడు అది రోడ్డు మీద నిలబడుతది. అన్న దిగకపోతె నా మీద అలిగిండు, నాయిన నన్ను వద్దనుకున్నడు అనుకుంటది. గిది పుస్తకం ముచ్చట కాదు.”

“అయితె ఏమనాలె?”

“సచ్చిపోయిండు అనాలె.”

ముత్తమ్మ చెయ్యి లేచింది. కొట్టలేదు గాని లేచింది. “నీ నోట్లె మన్ను పడ! సొంత అన్ననే? కుక్కనా, పిల్లినా? తిట్టు పెట్టినట్టు గా మాట నా ఇంట్ల అంటవా? సదువుకుంటె నేర్చింది గిదేనా?”

“ఆ మాటే దానికి తెల్సు అవ్వా. చీమ సస్తది, కోడిపిల్ల సస్తది. సచ్చింది లేవదని దానికెరుకే.”

“వద్దు,” అన్నది ముత్తమ్మ. “నేను బతికుండంగ వద్దు.”

భద్రయ్య తువ్వాలు దులుపుకొని బయటికి వెళ్ళిపోయాడు. సరోజన అప్పటిదాకా నోరు విప్పలేదు. విప్పలేదు కాబట్టి ఆమె ఎటు వైపో నీరజకు తెలియలేదు. కంచాలు తీసుకొని బోరింగు దగ్గరికి పోయింది. బోరింగు చేతి చప్పుడు చాలాసేపు వినబడింది. కంచాలకు అన్ని నీళ్ళు అక్కరలేదు.

నీరజ తల్లి మాట కాదనలేకపోయింది. మంచి మాటతోనే చెప్పి చూద్దామనుకుంది. సాయంత్రం సమ్మికి తల దువ్వుతూ, “సమ్మీ, మీ నాయిన చనిపోయిండు” అన్నది.

సమ్మి తల తిప్పింది. “చనికా? చని ఏడుంది?”

“చని అని ఊరు కాదు బిడ్డా...”

“బందు కంటె దూరమా?”

నీరజ దువ్వెన కింద పెట్టింది. క్లాసులో ఈ పాఠం ఆమె బాగానే రాసింది. చిన్నపిల్లలకు చావు అంటే ఆగిపోవడం అని తెలియదు, ఇంకో చోట ఉండటం అనుకుంటారు, అందుకే చుట్టుతిప్పిన మాటలు వాడకూడదు అని చేతివ్రాత కూడా కుదురుగా రాసింది. అప్పుడు అన్న ఉన్నాడు. అప్పుడు ఆ మాటలు ఎవరి మాటలో.

రెండు రోజులు ఆమె చెప్పలేదు. ఆ రెండు రోజులూ సమ్మి రాళ్ళు తీసింది.

మూడో రోజు పొద్దున హారను వినబడింది. ఆర్టీసీ బస్సు హారను, ఊళ్ళో అందరూ మరచిపోయిన చప్పుడు. “బస్సచ్చిందిరో!” అని పిల్లలు అరిచారు. “బందు అయిపోయిందిరో!”

నీరజ పళ్ళు తోముకుంటోంది. పుల్ల పారేసి వాకిట్లోకి వచ్చేసరికి సమ్మి లేదు. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు, రోడ్డు వైపు పరుగెడుతోంది. నీరజ వెనకే పరుగెత్తింది.

బస్సు ఆగి ఉంది. జనం దిగుతున్నారు. ఒక ముసలాయన, చంకలో మూట పెట్టుకున్న ఆడమనిషి, ఎరువుల సంచి దించుకుంటున్న ఇద్దరు అన్నదమ్ములు. సమ్మి మెట్ల పక్కనే నిలబడి ఒక్కొక్కరి ముఖంలోకి తల ఎత్తి చూస్తోంది. ఆఖరి మనిషి దిగాడు. సమ్మి మెట్టెక్కి లోపలికి తొంగి చూసింది.

“ఏమ్మా, ఎవలు గావాలె?” అన్నాడు కండక్టరు.

“మా నాయిన.”

“ఏం పేరు?”

“నగేశు. బందుకు పోయిండు.”

కండక్టరు అక్కడివాడు కాదు. “మల్ల బస్సుల వస్తడేమో తియ్యి,” అన్నాడు మంచిగానే, నవ్వుతూ.

నీరజ వెళ్ళి సమ్మిని మెట్టు మీది నుంచి దించింది. బస్సు కదిలింది. దుమ్ము వాళ్ళిద్దరి మీదికి వచ్చి నెమ్మదిగా దిగింది. మల్ల బస్సు ఎప్పుడు అని సమ్మి అడుగుతోంది. ఇక్కడ చెప్పకపోతే ఈ పిల్ల ప్రతి బస్సుకూ వస్తుంది. ప్రతి కండక్టరూ మంచివాడే ఉంటాడు. ప్రతివాడూ మల్ల బస్సు అనే అంటాడు.

నీరజ రోడ్డు పక్కన కూర్చుని సమ్మిని ఎదురుగా నిలబెట్టుకుంది.

“సమ్మీ, ఇను. మీ నాయిన బందుకు పోలేదు. మీ నాయిన సచ్చిపోయిండు.”

అక్కడే బీడీ వెలిగించుకుంటున్న ఒకతను చటుక్కున తల తిప్పి చూశాడు. ఆ మాట నీరజ చెవికి కూడా వేరే ఎవరి నోటి నుంచో వచ్చినట్టే వినబడింది. ఇన్నాళ్ళలో అన్న గురించి ఆ మాట తనూ అనలేదు. మనసులో కూడా అనుకోలేదు.

సమ్మి కదలకుండా నిలబడింది. “సచ్చిపోయిండా?”

“అవు.”

“కండ్లు తెరుస్తలేడా?”

“తెరుస్తలేడు.”

“అన్నం తింటలేడా?”

“తింటలేడు. ఆకలి కాదు ఇగ.”

“దెబ్బ తాకిందా?”

“తాకింది. బండి చెట్టుకు తాకింది. ఇప్పుడు నొస్తలేదు. సచ్చిపోయినంక నొయ్యది.”

“దవాఖానకు తోల్కపోతె?”

“తోల్కపోయిన్రు. అప్పటికే సచ్చిపోయిండు.”

సమ్మి ఆలోచించింది. “నేను రాళ్ళు తీసిన గద?”

“తీసినవ్ బిడ్డా. శాన తీసినవ్. రాళ్ళ తోని కాదు. నువ్వు తీసినా తియ్యకున్నా రాడు. నువ్వేం తప్పు చెయ్యలేదు.”

అప్పుడు సమ్మి ఏడ్చింది. చెప్పు లేని కాలికి ముల్లు గుచ్చుకుందని ఏడ్చింది. నీరజ ముల్లు తీసి, ఎత్తుకొని ఇంటికి నడిచింది. దారిపొడుగునా ఆ పిల్ల ఏడుపు ఆమె మెడ మీద వెచ్చగా తగులుతూనే ఉంది. ఆమెకు అది తెలుస్తోంది. అంతకు మించి ఏమీ తెలియలేదు.

ఇంట్లో అడుగు పెట్టగానే సమ్మి దిగి, ముక్కు తుడుచుకొని, కొత్త సంగతి మోసుకొచ్చినట్టు ఒక్కొక్కరి దగ్గరికి పోయింది. ముందు ముత్తమ్మ దగ్గరికి. “నానమ్మా, నాయిన సచ్చిపోయిండట.” ముత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నీరజ వైపు చూసిన చూపులో కోపం ఉంది, కానీ నోరు లేవలేదు. తర్వాత భద్రయ్య దగ్గరికి. “తాతా, నాయిన సచ్చిపోయిండు. బందుల లేడు.”

భద్రయ్య మనవరాలి తల మీద చెయ్యి వేశాడు. “అవు బిడ్డా,” అన్నాడు. “నా కొడుకు సచ్చిపోయిండు.” అని, కొడుకును కాల్చి వచ్చినప్పుడు కూడా ఏడవని మనిషి, పెద్దగా, ఊరికి వినబడేలా ఏడ్చాడు. కొమురవ్వ ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది.

సమ్మి తల్లి దగ్గరికి కూడా పోయింది. సరోజన పిల్ల మాట వినేలోపే లేచి తడిక వెనక్కి వెళ్ళిపోయింది.

మరునాటి నుంచి సమ్మి మళ్ళీ అడగడం మొదలుపెట్టింది. పొద్దున లేవగానే, నాయిన ఏడి? తినేటప్పుడు, నాయిన ఏడి? చెప్పింది మరచిపోయి కాదు. పిల్లలు ఇంత పెద్ద మాటను ఒక్కసారికి మింగలేరు. మళ్ళీ మళ్ళీ అడిగి కొంచెం కొంచెం చేసుకుంటారు, ప్రతిసారీ అదే మాటతో, అదే గొంతుతో చెప్పాలి, మాట మారిస్తే మళ్ళీ మొదటికొస్తుంది అని పాఠంలో ఉంది. నీరజ అలాగే చెప్పింది. సచ్చిపోయిండు. సచ్చిపోయిండు. చెప్పీ చెప్పీ ఆ మాట అరిగి, తిట్టు అన్న సంగతే మరచిపోయింది. ముత్తమ్మ మొదట చెవులు మూసుకునేది, తర్వాత మూసుకోవడం మానేసింది. అయినా తాను మాత్రం అనలేదు. పిల్ల అడిగితే “అత్తనడుగు” అనేది.

కాలేజీ తెరిచారని మేడం కబురు చేసింది. నీరజ ప్రయాణం నాలుగు రోజులు వాయిదా వేసింది. ఇంక కుదరదు. ఆమె బెంగల్లా ఒక్కటే. తాను పోయాక ఈ పిల్ల అడిగితే ఎవరు చెబుతారు? ఎవరూ చెప్పకపోతే, అత్త జనగామకు పోయింది, నాయిన కూడా అట్లనే ఏదో ఊరికి పోయిండు, అత్త వస్తే నాయిన కూడా వస్తడు అనుకుంటుంది. పోయినోళ్ళంతా ఒక్క చోటనే ఉంటారు ఆ పిల్ల లెక్కలో.

ముందు రోజు సరోజనతో చెప్పి చూసింది. “వదినె, నేను పోయినంక నువ్వే చెప్పాలె.”

సరోజన బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అన్నది. “నువ్వు సదువుకున్నవ్, అన్నవ్. గా మాట నేనంటె నాకు నేను చెప్పుకున్నట్టయితది.”

దానికి పాఠం లేదు. నీరజ పక్కన కూర్చుని తనూ నాలుగు రాళ్ళు ఏరింది.

పొద్దున సంచి సర్దుకుంది. బస్సుకు ఇంకా వేళ ఉంది. భద్రయ్య చిట్యాల దాకా వస్తానన్నాడు, వద్దన్నది. సమ్మి గడపలో కూర్చుని అత్త చెప్పులు తన కాళ్ళకు తొడుక్కుని చూసుకుంటోంది. ముత్తమ్మ సద్ది మూట కడుతోంది.

“అత్తా, నువ్వు ఏడికి?”

“జనగామకు. కాలేజీకి. దీపావళికి వస్త.”

“నాయిన?”

నీరజ నోరు తెరిచింది. సరోజన అప్పటికే పొయ్యి దగ్గర నుంచి లేచింది. చేతికి అంటుకున్న పిండి అలాగే ఉంది. వచ్చి, బిడ్డ ముందు గొంతు కూర్చుంది.

“నాయిన సచ్చిపోయిండు బిడ్డా. అత్త వస్తది. నాయిన రాడు.”

“సచ్చిపోయిండా?” అన్నది సమ్మి, రోజూ అడిగినట్టే.

“అవు. సచ్చిపోయిండు.”

సమ్మి తల్లి చేతిని చూసింది. పిండిని వేలితో గీకింది. “రొట్టె అయిందా?”

“అయితది. కూసో.”

సరోజన పొయ్యి దగ్గరికి వెళ్ళి రొట్టె తిప్పింది. ఒక పక్క మాడింది. నీరజ తెరిచిన నోరు మూసుకుంది. సమ్మి కాళ్ళ నుంచి చెప్పులు విడిపించి, తాను తొడుక్కుంది. ఇన్నాళ్ళూ ఏమీ తెలియని చోట, మెడ కింద ఎక్కడో, సన్నగా నొప్పి మొదలైంది. నడకకు తగ్గిపోతుందిలే అనుకుంది. సంచి భుజానికి తగిలించుకొని రోడ్డు వైపు నడిచింది. తగ్గలేదు.

బొల్లం లచ్చవ్వ, వయసు అరవై నాలుగు, ఇప్పుడు ఉంటున్నది తరిగొప్పులలో.